పాత బండి ఇచ్చి కొత్త బండి: ఎక్స్ఛేంజ్ బేరం వెనక నూరేళ్ల కథ

 

ఈ ఎపిసోడ్ రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. ఒక సంతకం గురించి. 2013లో మా నాన్న ఒక షోరూమ్‌లో కూర్చుని, ఖాళీగా ఉన్న రెండు ఫారాల మీద పెట్టిన సంతకం. దాని ఖరీదు మాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది: 2 లక్షల 40 వేల రూపాయలు.

మాది కోదాడ దగ్గర. నాన్నకి ఒక డీసీఎం ఉండేది. గుంటూరు యార్డుకి మిర్చి బస్తాలు, తిరుగుదారిలో ఏది దొరికితే అది. ఆ పాత బండి ఇచ్చి, పైన డబ్బు కట్టి, కొత్త బండి తెచ్చుకున్నాడు. మొన్న ఆ "కొత్త" బండికి కూడా పన్నెండేళ్లు నిండాయి. ఇప్పుడది తమ్ముడు నడుపుతున్నాడు. వాడు ఫోన్ చేసి "అన్నా, ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తున్నారంట, శనివారం వస్తావా?" అన్నాడు. ఆ మాట వినగానే నాకు నాన్న సంతకమే గుర్తొచ్చింది.

ఇంకా నాలుగు రోజులు టైముంది. నాకున్న అలవాటు మీకు తెలుసు కదా, బగ్ ఎక్కడుందో తెలియకపోతే కోడ్ మొదటి లైన్ నుంచి చదువుతాను. అలాగే అసలు ఈ ఎక్స్ఛేంజ్ అనేది ఎక్కడ మొదలైంది, ఎందుకు మొదలైంది అని వెనక్కి వెళ్లాను. దొరికింది ఇదీ.

సంతలో తువాలు

బండ్లకంటే ముందు ఎడ్లు. మా తాత పశువుల సంతకి వెళ్లేవాడు. ముసలి ఎద్దుని తోలుకెళ్లి, పైన కొంత డబ్బు పెట్టి, వయసులో ఉన్న ఎద్దుని తెచ్చుకునేవాడు. అంటే ఎక్స్ఛేంజే. పేరు ఇంగ్లీషులో లేదు, అంతే.

అక్కడ బేరం నోటితో జరగదు. దళారి తన తువాలు తీసి చేతుల మీద కప్పుతాడు. తువాలు కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు పడితే ఎంత అన్నది వాళ్లిద్దరికే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా రేటు ఎవరికీ తెలియదు. పక్కనే ఇంకో జత ఎంతకి పోయిందో తెలియదు కాబట్టి, మీ ఎద్దుకి వచ్చిన రేటు మంచిదో కాదో కూడా మీకు తెలియదు.

కొనేవాడు మాత్రం ఊరికే ఉంటాడా? నోరు తెరిచి పళ్లు చూస్తాడు, ఎన్ని పళ్లు వేసిందో చూసి వయసు కడతాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కుంటుందేమో చూస్తాడు. అమ్మేవాడు దాచాలని చూస్తాడు, కొనేవాడు కనిపెట్టాలని చూస్తాడు. అమెరికాలో గుర్రాల బేరం కూడా అచ్చం ఇంతే. అక్కడ "హార్స్ ట్రేడింగ్" అన్న మాటకి తెలివిగా, కొంచెం మోసంగా బేరమాడటం అనే అర్థం స్థిరపడిపోయింది.

ఈ తువాలుని గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా ఈ తువాలు ఎవరు కప్పారు, ఎవరు లాగేశారు అన్నదే.

ఫోర్డ్ పెట్టిన ఒకే రేటు

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారు తెచ్చాడు. రేటు 850 డాలర్లు. 1913లో అసెంబ్లీ లైన్ కదలడం మొదలైంది. తయారీ ఖర్చు పడిపోయింది, రేటు దిగుతూ వచ్చింది. 1920ల మధ్యకి 300 డాలర్ల లోపే కారు వచ్చేసేది. 1917లో మోడల్ టీటీ అని ఒక టన్ను ట్రక్కు తెచ్చాడు. 600 డాలర్లకి ఛాసిస్ మాత్రమే ఇచ్చేవాడు. వెనక బాడీ కొన్నవాడే కట్టించుకోవాలి. మన దగ్గర లారీ ఛాసిస్ కొని, విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లి బాడీ కట్టించుకున్నారు చూడండి, ఆ పద్ధతి అంత పాతది.

ఫోర్డ్ లెక్క సింపుల్. ఒకే మోడల్, ఒకే రేటు, డబ్బు కట్టు, బండి తీసుకెళ్లు. ఇందులో బేరానికి చోటెక్కడ?

చోటు కస్టమర్ దగ్గర నుంచి వచ్చింది. 1920ల మధ్యకి వచ్చేసరికి అమెరికాలో కారు కొనగలిగిన వాళ్లలో చాలామంది ఇంటి ముందు అప్పటికే ఒక కారు ఉంది. కొత్తది కావాలంటే ముందు పాతదాన్ని ఏదో ఒకటి చెయ్యాలి. "ఇది తీసుకుని అది ఇవ్వండి" అన్నారు. తాత సంతలో అన్న మాటే.

ఈ మార్పుని అందరికంటే బాగా పట్టుకున్నది జనరల్ మోటార్స్. 1923 నుంచి ఆ కంపెనీకి ప్రెసిడెంట్ ఆల్‌ఫ్రెడ్ స్లోన్. అప్పటి మార్కెట్‌ని మార్చేసినవి నాలుగు విషయాలని ఆయన తర్వాత తన పుస్తకంలో రాశాడు: వాయిదాల మీద అమ్మడం, పాత కారుని మారకంలో తీసుకోవడం, పైకప్పుతో మూసి ఉండే బాడీ, ఏటా కొత్త మోడల్. అప్పులివ్వడానికి 1919లోనే ఆ కంపెనీ జీమ్యాక్ అని సొంత ఫైనాన్స్ సంస్థ పెట్టుకుంది. ఫోర్డ్ మాత్రం తన ఒకే కారు పద్ధతిని పట్టుకుని వేలాడాడు. 15 మిలియన్లు, అంటే కోటిన్నర బండ్లు తయారుచేశాక, 1927లో మోడల్ టీని ఆపేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న ముడి ఉంది. కొత్త బండికి రేటు ఉంది. వేల బండ్లు ఒకేలా తయారవుతాయి కాబట్టి ఒకే రేటు పెట్టొచ్చు. కానీ పాత బండి? ప్రతి పాత బండీ వేరే. ఒకరు జాగ్రత్తగా వాడారు, ఒకరు గుంతల్లో దూకించారు. దానికి ఫిక్స్‌డ్ రేటు పెట్టడం కుదరదు. కొత్త బండి రేటు దగ్గర, ముందు గుమ్మంలో నుంచి బయటికి పంపించిన బేరం, పాత బండితో పాటు దొడ్డిదారిన మళ్లీ లోపలికి వచ్చేసింది.

డీలర్ కూడా మునిగాడు

డీలర్లందరూ దొంగలు, కస్టమర్లందరూ అమాయకులు అనుకోకండి. 1920ల చివర్లో దెబ్బతిన్నది డీలర్లే. కంపెనీ ఇన్ని కొత్త బండ్లు అమ్మి తీరాలని వాళ్ల నెత్తిన పెట్టేది. పక్క డీలర్ పాత కారుకి 200 ఇస్తానంటే ఇతను 220 అనాలి. అలా ఎక్కువ పెట్టి తీసుకున్న పాత కార్లు యార్డులో తుప్పు పడుతూ కూర్చునేవి. కొత్త బండి మీద వచ్చిన లాభం పాత బండి మీద పోయేది.

అంటే రెండు వైపులా చీకటే. ఆ చీకట్లోకి ఒక దీపం 1926లో వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో లెస్ కెల్లీ అనే కార్ల వ్యాపారి, ఏ పాత కారుకి ఎంత ఇస్తానో ఒక లిస్టు అచ్చేసి పంచిపెట్టాడు. దానికి బ్లూ బుక్ అని పేరు పెట్టాడు. ఆయన దాన్ని సమాజ సేవకి చెయ్యలేదు, తన వ్యాపారానికి చేసుకున్నాడు. కానీ ఆ లిస్టు చుట్టుపక్కల అందరికీ కొలబద్ద అయిపోయింది. తువాలు ఒక మూల పక్కకి జరిగింది.

తర్వాత మహా మాంద్యం వచ్చింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ప్రతి వ్యాపారానికీ ఒక కోడ్ పెట్టింది. కార్ల డీలర్ల కోడ్‌లో, పాత కారుకి ఇంతకంటే ఎక్కువ ఇవ్వకూడదు అని పరిమితి పెట్టారు. గమనించండి, పరిమితి పెట్టింది కస్టమర్‌ని కాపాడటానికి కాదు, డీలర్లు ఒకరి మీద ఒకరు పోటీపడి మునిగిపోకుండా. 1935లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. మళ్లీ ఎవరి బేరం వాళ్లదే.

ప్యాకింగ్ అనే మ్యాజిక్

1950ల్లో డీలర్లు దీనికి ఒక మందు బాగా వాడారు. దాని పేరు ప్యాకింగ్. నేను ఒక లెక్క చెప్తాను, ఇది నేను ఉదాహరణకి వేసుకున్న లెక్క.

కొత్త బండి అసలు రేటు 2000 డాలర్లు. మీ పాత బండికి బయట 500 వస్తుంది. డీలర్ కొత్త బండి రేటు 2300 అని చెప్తాడు. "మీ బండి బాగా మెయింటైన్ చేశారు సార్, మీకని 700 ఇస్తా" అంటాడు. మీరు ఎగిరి గంతేస్తారు. ఇంటికొచ్చి అందరికీ చెప్తారు. నిజానికి మీరు కట్టింది 1600. విడివిడిగా చేసుంటే 2000లో 500 పోతే 1500. పాత బండి మీద 200 గెలిచారు, కొత్త బండి మీద 300 ఓడారు. గెలిచింది మీకు కనిపించింది, ఓడింది కనిపించలేదు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, పాత బండి మీద మనకి ప్రేమ ఉంటుంది. దాని రేటు పెంచితే మనల్ని పొగిడినట్టే. కొత్త బండితో మనకి ఇంకా చుట్టరికం కలవలేదు.

ఓక్లహోమా నుంచి మైక్ మన్రోనీ అనే సెనేటర్ ఈ వ్యవహారం మీద పడ్డాడు. 1958లో ఒక చట్టం వచ్చింది. కొత్త కారు అద్దం మీద కాగితం అతికించాలి. కంపెనీ సూచించిన రేటు, అదనపు ఫిట్టింగుల రేటు, రవాణా ఖర్చు, మొత్తం. కస్టమర్ చేతికి వెళ్లేదాకా ఆ కాగితం పీకకూడదు. ఇప్పటికీ అమెరికాలో దాన్ని మన్రోనీ స్టిక్కర్ అనే అంటారు. మన ఆటా, డల్లాస్ చుట్టాలకి కారు కొన్న రోజు చేతికొచ్చేది అదే.

ఆ చట్టంలో ఎక్కువమంది చూడని ఒక ముక్క ఉంది. ఏ బండికి స్టిక్కర్ పెట్టాలి అన్న చోట "ప్యాసింజర్ కారు, స్టేషన్ వ్యాగన్" అని రాశారు. ట్రక్కు అని రాయలేదు. పొట్టకూటి కోసం బండి కొనేవాడికి ఆ రక్షణ రాతలో దక్కలేదు.

బియ్యంలో రాళ్లు

1967-68లో జార్జ్ అకర్లాఫ్ అనే కుర్ర అమెరికన్ ఎకనమిస్టు ఢిల్లీలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. 1970లో ఆయన ఒక పేపర్ అచ్చేశాడు. విషయం పాత కార్లు. అంతకుముందు మూడు జర్నల్స్ దాన్ని తిప్పి కొట్టాయి. 2001లో ఆయనకి నోబెల్ ఇచ్చింది దాదాపు ఆ ఆలోచనకే.

ఆలోచన ఇది. బండి మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు భయంతో తక్కువ రేటే ఇస్తాడు. ఆ తక్కువ రేటుకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి మార్కెట్‌లో చెత్త బండ్లే మిగులుతాయి. నాకు నచ్చింది ఏంటంటే, ఆ పేపర్‌లో మన దేశం ఉదాహరణలు కూడా ఉన్నాయి. బజారులో కొన్న బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లు కావాలని కలుపుతారని, ఇంట్లో ఆడవాళ్లు వాటిని ఏరుకోవాల్సి వస్తుందని రాశాడు. మా అమ్మ చాటలో బియ్యం పోసి ఏరిన పనికి నోబెల్ స్థాయి థియరీ ఉందన్నమాట.

నాన్న 2013లో చాట పక్కన పెట్టి సంతకం పెట్టాడు. అదే తేడా.

మన దగ్గర పాతదే బంగారం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ కథ తలకిందులుగా మొదలైంది.

1954లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో ట్రక్కులు మొదలుపెట్టింది. ముక్కు మీద బెంజ్ నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం ముగిశాక ఆ చోట టాటా గుర్తు వచ్చింది. అటు మద్రాసులో అశోక్ లేలాండ్. లైసెన్సుల కాలం, ఎవరు ఎన్ని తయారుచెయ్యాలో ప్రభుత్వం చెప్పే కాలం. స్కూటర్‌కైనా కారుకైనా బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చేతిలో బండి ఉన్నవాడే రాజు. అలాంటప్పుడు "పాతది తీసుకోండి, కొత్తది ఇవ్వండి" అని షోరూమ్‌లో బతిమాలే అవసరం అమ్మేవాడికి ఎక్కడుంటుంది? పాత బండి బయటే, చేతి నుంచి చేతికి తిరిగేది. దానికి ఊపిరి పోసేది 1960లలో మొదలైన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లు. ఇంజిన్ ఒకరు విప్పుతారు, కమాన్ పట్టీలు ఒకరు కొడతారు, బాడీ ఒకరు కడతారు, రంగులేసి వెనక పేరు రాసేది ఇంకొకరు.

ఇంకో చిక్కు అప్పు. పాత లారీ కొనే డ్రైవర్‌కి బ్యాంకు గుమ్మం ఎక్కే ధైర్యం లేదు, బ్యాంకుకి అతన్ని నమ్మే ధైర్యం లేదు. 1974లో మద్రాసులో ఆర్. త్యాగరాజన్ వాళ్లు చిట్టీలతో మొదలుపెట్టిన శ్రీరామ్ గ్రూపు, 1979లో శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ పెట్టి, సరిగ్గా ఆ డ్రైవర్ దగ్గరికే వెళ్లింది. పాత లారీకి కూడా ఒక రేటు కట్టి అప్పివ్వొచ్చు, డ్రైవర్ ఓనర్ కావచ్చు అన్నది ఒక పెద్ద వ్యాపారంగా నిలబడింది.

1980లలో పోటీ వచ్చింది. జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు దిగాయి: డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల ఆల్విన్ నిస్సాన్. ఆ ఆల్విన్ నిస్సాన్ తయారైంది జహీరాబాద్‌లో. 1986లో టాటా 407 వచ్చింది. డీసీఎం టయోటా 1990లలో దైవూ చేతికి వెళ్లి, ఆ పేరే పోయింది. కానీ మన దగ్గర ఇప్పటికీ ఆ సైజు బండి ఏ కంపెనీదైనా డీసీఎమ్మే. పేపర్‌లో కూడా "డీసీఎం బోల్తా" అనే రాస్తారు. మా నాన్న డీసీఎం కూడా అసలు డీసీఎం కాదు, ఐషర్.

2005లో టాటా ఏస్ వచ్చాక, ఆటో నడిపేవాడు కూడా నాలుగు చక్రాల బండి గురించి ఆలోచించాడు. బండ్లు పెరిగాయి, కంపెనీలు పెరిగాయి, ఈఎమ్ఐలు పెరిగాయి. ఇప్పుడు అమ్మేవాడికే కొనేవాడు కావాలి. అమెరికాలో 1920ల్లో వచ్చిన పరిస్థితి మనకి అప్పుడొచ్చింది. షోరూమ్ ముందు "ఎక్స్ఛేంజ్ మేళా" బ్యానర్ కట్టారు.

ఆ బ్యానర్ చూసే నాన్న లోపలికి వెళ్లాడు.

ఆ సంతకం

బయట బ్రోకర్ చెప్పిన రేటుకంటే షోరూమ్‌లో 15 వేలు ఎక్కువ అన్నారు. బస్తాకి రెండు రూపాయల కిరాయి కోసం గంటసేపు వాదించే మనిషి, ఆ 15 వేలకి కరిగిపోయాడు. ఫారం 29, ఫారం 30 ముందు పెట్టారు. ఫారం 29 అంటే బండి ఫలానావాళ్లకి అమ్మాను అని ఆర్టీఓకి చెప్పే కాగితం. ఫారం 30 అంటే పేరు మార్చమని అడిగే దరఖాస్తు. కొనేవాళ్ల పేరు దగ్గర ఖాళీ. "ఎవరు కొంటారో ఇంకా తెలియదు కదా అన్నా, మేం చూసుకుంటాం, మీరు సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాడు. జెరాక్స్ కూడా తెచ్చుకోలేదు. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

నేను బీటెక్‌లో ఉండగా, 2016 చివర్లో, పోస్టులో నోటీసు వచ్చింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి. వేరే జిల్లాలో మా పాత బండి ఒక తాపీమేస్త్రీని గుద్దింది. బండి అప్పటికి రెండు చేతులు మారింది. ఇన్సూరెన్స్ అయిపోయింది. ఆర్సీలో మాత్రం ఇంకా నాన్న పేరే ఉంది.

షోరూమ్‌కి వెళ్తే అప్పటి మనుషులు లేరు. బండి తీసుకున్న బ్రోకర్ ఫోన్ స్విచాఫ్. మేం అమ్మామనడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. ఏడాది తిరిగాం. చివరికి 2017లో లోక్ అదాలత్‌లో రాజీ. మా వాటా 2 లక్షల 40 వేలు. అమ్మ గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టాం.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను కోపంతో ఏదో అన్నాను. నాన్న అన్నాడు, "ఆయన కాలు పోయింది రా. మనవి డబ్బులే పోయినయి." నేను మళ్లీ ఏం మాట్లాడలేదు.

మాది తేలిన కొన్ని నెలలకే, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది. అక్కడ 2007లో అమ్మిన కారు, చేతులు మారుతూ మారుతూ, 2009లో యాక్సిడెంట్ చేసింది. కోర్టు ఏమందంటే, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్. బాధితుడు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేడు కదా అని. వినడానికి మాకు చేదుగా ఉన్నా, తాపీమేస్త్రీ వైపు నుంచి చూస్తే న్యాయమే. 1988 చట్టంలో సెక్షన్ 50 ఎప్పటి నుంచో చెప్తూనే ఉంది: అమ్మినవాడు రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పాలి అని. చెప్పాల్సింది నాన్న. "మేం చూసుకుంటాం" అన్నది వాళ్లు.

అంటే చూడండి. అమెరికాలో తువాలు కింద దాగింది రేటు. మన దగ్గర రేటుతో పాటు పేరు కూడా దాగింది.

దీనికి మందు 2022 డిసెంబర్‌లో వచ్చిన కొత్త రూల్స్. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బండ్ల వ్యాపారం చేసే డీలర్ ఆర్టీఓ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. మీరు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్‌లో ఆర్టీఓకి తెలుస్తుంది. ఆ క్షణం నుంచి, బండి ఇంకొకరికి అమ్ముడయ్యేదాకా, దాని బాధ్యత డీలర్‌ది. కొనేవాడు ఎవరో తెలియని ఆ మధ్య కాలమే నాన్నని ముంచింది. ఇప్పుడు ఆ ఖాళీకి ఒక పేరు వచ్చింది.

మొన్న శనివారం

సరే, తమ్ముడు, నేను వెళ్లాం. నాన్న కూడా వచ్చాడు, కానీ లోపలికి రాలేదు, బండి దగ్గరే నిలబడ్డాడు.

సేల్స్ కుర్రాడు నా వయసే, మర్యాదగా ఉన్నాడు. మొదటి ప్రశ్న "నెలకి ఎంత కట్టగలరన్నా?" అన్నాడు. అమెరికాలో డీలర్లు ఒక కాగితాన్ని నాలుగు గళ్లు చేస్తారు: కొత్త బండి రేటు, పాత బండి రేటు, ముందు కట్టేది, నెలవారీ వాయిదా. మీరు ఒక గడిలో గట్టిగా నిలబడితే, వాళ్లు ఇంకో గడిలో లాగుతారు. వాయిదా గురించి మాట్లాడితే అన్నిటికంటే సులువు. 10 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ అనుకోండి. నాలుగేళ్లకి నెలకి సుమారు 25,360. ఐదేళ్లకి సుమారు 21,250. నెలకి నాలుగు వేలు తగ్గిందని సంబరపడతాం. మొత్తం మీద దాదాపు 57 వేలు ఎక్కువ కడతాం.

అందుకే మేం మూడు కాగితాలు పెట్టుకున్నాం. మొదటి దాని మీద కొత్త బండి. "పాతది లేదనుకోండి, డబ్బు కట్టి కొంటే ఎంత?" అని అడిగాం. రెండో దాని మీద పాత బండి. అంతకుముందు రోజే ఆటోనగర్‌లో చూపించాం, అక్కడ 4,10,000 అన్నారు. మూడో దాని మీద పేరు.

ఎక్స్ఛేంజ్‌తో వాళ్లిచ్చిన కొటేషన్: కొత్తది 17,40,000, పాతదానికి బోనస్‌తో కలిపి 4,50,000. కట్టాల్సింది 12,90,000. ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్తది 16,80,000. అందులో ఆటోనగర్ రేటు తీసేస్తే 12,70,000. అంటే బోనస్ అని పెద్ద అక్షరాలతో రాసిన డీల్, అసలు మాకు 20 వేలు నష్టం. 1958కి ముందు అమెరికాలో జరిగిన ప్యాకింగే, కోదాడ రోడ్డు మీద.

కాగితాలు బల్ల మీద పెట్టాం. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. కుర్రాడు లోపలికి వెళ్లి మేనేజర్‌ని తీసుకొచ్చాడు. టీ వచ్చింది. గంటన్నర తర్వాత ఎక్స్ఛేంజ్‌తోనే 12,65,000కి తెగింది.

కానీ తమ్ముడు బయానా డబ్బు తియ్యబోతే నేను ఆపాను. మూడో కాగితం మిగిలింది కదా. "మీ అనుమతి పత్రం చూపించండి. 29సీ మా ముందే అప్‌లోడ్ చెయ్యండి. బండి అప్పగించిన తేదీ, టైముతో రసీదు ఇవ్వండి." మేనేజర్ నవ్వి, "అన్నీ చేస్తాం సార్, తర్వాత వాట్సాప్ పెడతాం" అన్నాడు. అప్పటిదాకా బయట నిలబడ్డ నాన్న ఎప్పుడొచ్చాడో లోపలికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తర్వాత వద్దు సార్. ఇప్పుడే చెయ్యండి. నేను కూచుంటా" అన్నాడు.

నలభై నిమిషాలు కూర్చున్నాడు. కాగితం చేతికి వచ్చాక, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి లైనూ చదివాడు. చదివాకే పాత బండి తాళం బల్ల మీద పెట్టాడు.

మీ ఇంట్లో ఎవరైనా పాత బండి ఇచ్చేసి ఉంటే, అది బైక్ అయినా సరే, ఇవాళే ఫోన్‌లో పరివాహన్ సైట్ తెరిచి, ఆ నంబర్ ఇంకా ఎవరి పేరు మీద ఉందో చూడండి. రెండు నిమిషాల పని. మీ పేరే ఉంటే, ఆర్టీఓ ఆఫీసుకి ఒక ఉదయం కేటాయించండి.